కాంభోజిలో ఒక నిషాదము

ఈ పత్రికకు ఏటేట ఏదో యొకటి వ్రాయుట మాకు పరిపాటి. నిరుడు పాఠశాలతోటను గూర్చియు, అంతకుముందు గణితమున వెనుకబడు పిల్లలను గూర్చియు వ్రాసితిమి. ఈ యేడు వ్రాయబూనినది ఒకే యొక స్వరమును గూర్చి. ఒక్క స్వరమునకు ఇన్ని పుటలా యని సంపాదకులు నవ్విరి. ఆ స్వరము మూలమున మాకు కలిగిన సిగ్గు కొంత, సంతోషము కొంత కలదు. రెంటిని దాచక చెప్పెదము.

గడచిన వేసవిలో మన పాఠశాల పూర్వవిద్యార్థిని యొకతె కెనడా దేశమునుండి మాకొక జాబు వ్రాసెను. ఆమె అచ్చట ఒక ఆసుపత్రిలో నర్సుగా నున్నది. జాబు కంప్యూటరు మార్గమున వచ్చినది గనుక దానివెంట పదునాలుగు ఛాయాచిత్రములును క్షణములో వచ్చి చేరెను. అవి యొక పాత నోటుపుస్తకపు పుటలు. ప్రతి పుటలోను అయిదేసి గీతల పాశ్చాత్య స్వరలిపి, దాని క్రింద ఆంగ్లాక్షరములతో తెలియరాని మాటలు. ఆమె యుండు పట్టణములోని పౌరగ్రంథాలయమున సంగీతశాఖ యొకటి కలదట. ఎవరో వృద్ధులు గతించగా వారి బంధువులు ఇంటిలోని సంగీతపుస్తకములన్నియు ఆ శాఖకు ఇచ్చివేసిరి. వానిలో నున్నది ఈ నోటుపుస్తకము. వ్రాసినవారి పేరు లేదు, సంవత్సరము లేదు. మొదటి పుట మూలను మాత్రము పెన్సిలుతో "కాసిం కె." అని యున్నది.

ఆ శాఖాధికారిణి దానిని చూచి, కాసిం అనునాయన ఈ పాటలను కట్టిన వాగ్గేయకారుడై యుండునని తలచి, పట్టికలో కర్త పేరు చోట ఆ పేరే వ్రాసికొనెను. అయినను ఆమెకు తృప్తి కలుగలేదు. ఇట్టి సందేహము వచ్చినపుడు సంగీత గ్రంథాలయములవారు దేశదేశములందలి తమ తోటివారిని అడుగుట వాడుక. ఆమెయు అటులే అడిగెను. లండనులోని యొకరు, ఇది దక్షిణ హిందూదేశపు భాషయై యుండునని వ్రాసిరి. మరియొకరు, మాటల తుదల "ము" అను ధ్వని తరచుగా వచ్చుచున్నది గావున తెలుగేమో యనిరి. వేరొకరు, "కె." అనునది మనుష్యుని పేరులోని పొడియక్షరమే యని యెట్లు చెప్పగలము, ఊరి పేరు కాగూడదా యని ప్రశ్నించిరి. పిల్లలకొరకు పుస్తకములు తెచ్చుకొనుటకు ఆ గ్రంథాలయమునకు పోవుచుండిన మన విద్యార్థినిని ఆ అధికారిణి ఒకనాడు పిలిచి ఆ పుట చూపెను. ఈమె పకపక నవ్వి, "అమ్మా, ఈ కాసిం గారు మా ఊరే" అని చెప్పెనట.

ఈ విధముగా కశింకోట వాగ్గేయకారుడు మరల ఊరుగా మారెను.

గ్రంథాలయమనగా పుస్తకములను భద్రపరచు బీరువా యని మనలో పలువురి భావము. ఆ బీరువాలకు కాపున్నవారు ఒకరికొకరు జాబులు వ్రాసికొందురనియు, ఒకరి యజ్ఞానమును మరియొకరు తీర్తురనియు మాకును నిజముగా తెలియదు. విచారించి తెలిసికొన్నది కొంత చెప్పెదము. సంగీత గ్రంథాలయముల అంతర్జాతీయ సంఘము 1951లో పారిసు నగరమున ఏర్పడెను. మరుసటి యేడు, అనగా 1952లో, లోకమందలి సంగీత మూలప్రతులన్నిటికి ఒక పట్టిక కూర్పవలెనను ఉద్యమము ఆ నగరముననే పుట్టెను. యుద్ధములో ఐరోపాఖండపు గ్రంథాలయము లనేకములు కాలిపోయినవి గదా! ఏది మిగిలెను, ఎచ్చట మిగిలెను అని లెక్క చూచుకొనవలసిన అగత్యము అప్పటివారికి బాగుగా తెలిసియుండెను. ఆ పట్టికలో విశేష మేమనగా, కృతి పేరు, కర్త పేరు మాత్రమే గాక దాని మొదటి స్వరములను గూడ వ్రాసియుంచెదరు. పేరులేని పాట చేతికి వచ్చినను దాని యెత్తుగడ స్వరములనుబట్టి వెదకవచ్చును. 2010 మొదలు ఈ పట్టికను ఎవరైనను వెలలేకుండ అంతర్జాలమున చూడవచ్చును.

క్రైస్తవ కీర్తనల విషయమున ఇంకొక గొప్ప పని జరిగినది. నికొలాస్ టెంపర్లీ అను పండితుడు 1820వరకు అచ్చయిన ఆంగ్లకీర్తనల వరుసలన్నిటిని ఏరి, ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అంకె చొప్పున వ్రాసి, 1998లో నాలుగు సంపుటములుగా ప్రకటించెను. ఆదివారమున మనము పాడు ఆంగ్లకీర్తనలలో పాతదానిని దేనినైన అందు వెదకినయెడల, అది మొదట ఏ పుస్తకమున అచ్చుపడెనో తెలియును.

స్వరజ్ఞానము బొత్తిగా లేనివారికొరకు 1975లో డెనిస్ పార్సన్స్ అను ఆంగ్లేయుడు మరియొక ఉపాయము పన్నెను. ప్రతి స్వరము ముందుదానికంటె ఎక్కినదా, దిగినదా, అక్కడనే నిలిచినదా యని మాత్రము గుర్తించవలెను. ఎంత ఎక్కినది, ఎంత దిగినది అను లెక్క యక్కర లేదు. పదిపదునైదు స్వరములు ఇటుల వ్రాసినచో చాలవరకు పాట దొరకునట. మేము దీనిని తొమ్మిదవ తరగతిలో పరీక్షించి చూచితిమి. జాతీయగీతమును అందరును ఇంచుమించు ఒక్కరీతిగనే వ్రాసిరి. మన కీర్తన యొకటి పాడి వ్రాయుడనగా మాత్రము తరగతి రెండుగా చీలెను. ఒక పిల్లవాడు "ఎక్కినదండి" అనును. వాని ప్రక్కనున్న పిల్ల "కాదండి, ఊగినది" అనును. ఊగుటకు ఆ ఆంగ్లేయుని పద్ధతిలో గుర్తు లేదు. మన సంగీతమున స్వరము చుక్క కాదు. గమకముతో కదలుచుండు వస్తువు. దానిని ఆ పిల్ల ఒక్క మాటలో చెప్పినది.

ఇక నోటుపుస్తకపు మాట. ఆంగ్లాక్షరములలోని తెలుగును కూడబలుకుకొని చదువగా, అవి పదునొకండు కీర్తనలని తేలెను. మన దేవాలయములలో వాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున ఆ పదునొకండును గలవు. ఆ పుస్తకములో కీర్తన తలను రాగము, తాళము అచ్చువేయుదురు, స్వరములు వేయరు. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారు మొదలైన మన ఆదికవులు కర్ణాటక రాగములలో పాటలు కట్టిరి. రాగము పేరు చెప్పిన చాలును, పాడువాడు పాడుకొనునని ఆ కాలమువారి ధైర్యము. ఆ ధైర్యము వారి మనుమల కాలమువరకు నిలిచినది. తరువాత రాగము పేరు పుస్తకమునందే నిలిచి, పాట నోటివెంట ఎట్లు వచ్చిన నట్లు మారజొచ్చెను. ఒకే కీర్తనను అనకాపల్లిలో ఒక విధముగను, ఎలమంచిలిలో మరియొక విధముగను మేము విని యున్నాము.

మూడవ కీర్తన తలను మన పుస్తకములో కాంభోజి రాగమని యున్నది. నోటుపుస్తకములో దాని స్వరలిపిని చూచిన కెనడా గ్రంథాలయాధికారిణి ఒక లోపమును కనిపెట్టినది. పాట నడుమ నిషాదము తగ్గుస్వరముగా, అనగా బి ఫ్లాటుగా వ్రాయబడెను. ఒక్కచోట మాత్రము అదే నిషాదము హెచ్చుస్వరముగా, బి నేచురలుగా నున్నది. పాట తిరిగి వచ్చినపుడును అదే చోట అట్లే యున్నది. "వ్రాసినవారు సంగీతము బాగుగా తెలియనివారు కావచ్చును, లేదా పాడినవారు శ్రుతి తప్పి యుండవచ్చును. పట్టికలో 'స్వరలిపి దోషయుక్తము' అని వ్రాయవలెనా?" అని ఆమె మన విద్యార్థిని ద్వారా అడిగించెను.

ఆ ప్రశ్న చదువగానే మాకు ఇరువదియేండ్ల నాటి సంగతి యొకటి జ్ఞాపకము వచ్చెను.

అప్పుడు మేము శిక్షణ కళాశాలనుండి క్రొత్తగా వచ్చినవారము. హార్మోనియము వాయించుట అచ్చటనే కొంత నేర్చితిమి. ఆ కొంతయే సమస్తమని మా నమ్మిక. ఊరి దేవాలయమున వృద్ధుడగు ఉపదేశిగారు పిల్లలకు కీర్తనలు నేర్పుచుండెడివారు. క్రిస్మసు కార్యక్రమమునకు పిల్లలను తయారుచేయు భారము మాపై పడినపుడు ఈ కీర్తననే యెత్తుకొంటిమి. పిల్లలు పాడుచు పాడుచు ఒక్కచోట నల్లమెట్టు విడిచి తెల్లమెట్టు పట్టుచుండిరి. మేము కోపపడితిమి. పెట్టె మూసి, "ఇచ్చట ని తప్పు" అని పది పర్యాయములు పాడించితిమి. ఒక పిల్లను నిలువబెట్టి యేడిపించితిమి గూడ. గుమ్మము దగ్గర కూర్చుండిన ఉపదేశిగారు మెల్లగా, "మేష్టారూ, మా గురువులు అలాగే పాడేవారండి" అనిరి. "ఉపదేశిగారూ, పెట్టెలో లేని స్వరము మీ గురువుగారికి ఎచ్చటినుండి వచ్చెను?" అంటిమి. స్వరము పెట్టెలో లేకపోలేదు, ప్రక్కమెట్టే! ఆ మాటలోని తెలివితక్కువ అప్పుడు మాకు తోచలేదు. ఆయన మరల మాటాడలేదు. ఆ క్రిస్మసునుండి ఆ కీర్తన మన ఊరిలో మేము దిద్దిన రీతినే పాడబడుచున్నది. ఉపదేశిగారు నలువదికి పైగా కీర్తనలు పాత వరుసలలో ఎరుగుదురని పెద్దలు చెప్పెడివారు. మేము ఒక్కటియు వ్రాసికొనలేదు. నాలుగేండ్లకు ఆయన ప్రభువునందు నిద్రించిరి.

కెనడానుండి వచ్చిన పుటలో మేము తప్పని దిద్దిన చోటనే ఆ హెచ్చు నిషాదము నిలిచి యున్నది.

విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాలలో చదివి, వయొలిను వాయించు మిత్రు డొకరు మాకు గలరు. ఆ పుట వారికి చూపితిమి. వారు స్వరములను పెదవులలో చదివికొని, ఆ చోటికి వచ్చి, "స ని ప ద స" అని పాడి మందహాసము చేసిరి. "ఇది దోషము కాదండి. ఇదే కాంభోజి. ఈ రాగమునకు సహజమైనది కైశికి నిషాదము. అయితే ఈ యొక్క ప్రయోగములో మాత్రము కాకలి నిషాదము అన్యస్వరముగా వచ్చును. తెలిసినవారు దీనినిబట్టియే రాగమును గుర్తుపట్టుదురు. వ్రాసిన దొరసానిగారెవరో గాని చెవి గట్టిది. తాను నేర్చిన శాస్త్రమునకు విరుద్ధముగా నున్నను, విన్నది విన్నట్లు వ్రాసినది" అనిరి. మేమేమో చెవి నుపయోగింపక మెట్టును నమ్మితిమి. హార్మోనియమునందు గమకము పలుకదని ఆకాశవాణివారు 1940లో దానిని నిషేధించి సుమారు ముప్పది యేండ్లు లోపలికి రానీయలేదని చదివి, ఒకప్పుడు వారిని నిందించిన వారము మేము.

మిత్రుని మాటతో శాస్త్రము తీరినది. అయినను నోటినుండి వినవలెనని మాకు పట్టుదల కలిగెను. శారదానది వైపు వీధిలో ఎనుబదియేండ్లు దాటిన యొక మామ్మగారు కలరు. చిన్నతనమున ఉపదేశిగారి దగ్గరనే పాటలు నేర్చినవారు. ఒక సాయంకాలము పోయి కీర్తన పాడుమని యడిగితిమి. "ఏటి నాయనా, గుంటలకి నేర్పినట్టు పాడమంటావా, మా ఉపదేశి నేర్పినట్టు పాడమంటావా?" అని యడిగిరి. ఊరిలో రెండు వరుసలు గలవనియు, రెండవది మా మూలమున వచ్చినదనియు ఆమె యెరుగుదురు! ఇరువదియేండ్లుగా దేవాలయమున అందరితోపాటు మా వరుస పాడి, ఇంటికి వచ్చి వంటచేయునపుడు పాతవరుస పాడుకొనుచున్నారట. "ఉపదేశి నేర్పినట్టే" అంటిమి. గొంతు వణకుచున్నను ఆ చోటికి వచ్చుసరికి నిషాదము సూటిగా, హెచ్చుగా, సందేహము లేక పలికెను. నోటుపుస్తకములో లేని కంపమును గూడ దానిముందరి స్వరమున వింటిమి. అది గీతలమీద చుక్కపెట్టుటకు లొంగునది కాదు.

ఈ సందర్భమున ఒక క్రైస్తవ పెద్దమనుష్యుని కథ మన పిల్లలకు చెప్పవలసి యున్నది. పందొమ్మిదవ శతాబ్దపు తుదిలో మద్రాసు సెక్రటేరియటులో ఉద్యోగము చేయుచుండిన ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారుగారు క్రైస్తవులు. త్యాగరాజస్వామివారి కృతులు మొదలైనవి శిష్యుల నోటనే యుండి, ఒక్కొక్క తరముతో కొంత కొంత కరగిపోవుట చూచి వారు మిక్కిలి నొచ్చుకొనిరి. ఆ కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించినయెడల లోకమందెచ్చటివారైనను చదువగలరని వారి యాశ. 1893లో తమ సొమ్ము వెచ్చించి అట్టి గ్రంథమును వెలువరించుట కారంభించిరి. తమ మతము కాని దేవతలమీది పాటలకొరకు ఇంత శ్రమ యేల యని ఎవరైన అడిగిరో లేదో గాని, వారు మాత్రము విడువలేదు.

ముత్తుస్వామి దీక్షితులవారి కృతులకొరకు వారు ఎట్టయాపుర సంస్థానమందుండిన సుబ్బరామ దీక్షితులవారి నాశ్రయించిరి. వంశవిద్యను పరులకు విప్పి చెప్పుట ఆ కాలమున సులభముగా జరుగు పని కాదు. అయినను ముదలియారుగారి ప్రోత్సాహమువలనను, ఎట్టయాపురపు రాజుగారి ధనసహాయమువలనను సుబ్బరామ దీక్షితులవారు తామెరిగిన దంతయు వ్రాసిరి. అదియే 1904లో ఎట్టయాపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. అది వెలువడినది తమిళదేశమున. భాషయు లిపియు మాత్రము తెలుగు. సంగీతశాస్త్రమునకు అప్పుడు మన భాషకే యంతటి గౌరవము. గమకములకు ప్రత్యేకముగా గుర్తులు కల్పించి స్వరాక్షరములకు తోడుగా అచ్చువేయించిరి. "ఊగినదండి" అన్న మా తొమ్మిదవ తరగతి పిల్లకు నూరేండ్లకు ముందే అందు సమాధానము గలదు. ఆ గ్రంథము పిమ్మట తమిళలిపిలోనికి మారినది. ఈ శతాబ్దమున సంగీతప్రియులు కొందరు దానిని ఆంగ్లలిపిలోనికి మార్చి, ఎవరైనను చూచుకొనుటకు అంతర్జాలమున నుంచిరి. ఆ పని చేసినవారిలో ఒకరు కెనడా దేశమందలి విశ్వవిద్యాలయపు గణితాచార్యులు. గణితము చెప్పువారికి సంగీతముతో పని యేమి యని మమ్ము వెక్కిరించువారు ఇది గమనింతురు గాక!

మరల మన సంగతికి వత్తము. మామ్మగారి పాటను ఫోనులో పట్టి కెనడాకు పంపుద మనుకొంటిమి. అక్కడి అధికారిణి వెంటనే, పాడినవారి యనుమతి వ్రాతమూలముగా కావలె ననెను. చౌదరిగారి వంటి పూర్వకవుల మాటలకు ఇప్పుడు హక్కుదారులు లేరు. మన దేశపు చట్టము కర్త మరణించిన పిమ్మట అరువదియేండ్లవరకే హక్కు నిచ్చును. పాడినవారి కంఠము మాత్రము పాడినవారిదేనట. ఈ మర్యాద మాకు నచ్చినది. మామ్మగారికి కాగితము చదివి వినిపించితిమి. "నా పాట ఆ దేశంలో ఎవరు వింటారు?" అని యడిగిరి. "వినవలెనన్న వారందరు" అంటిమి. "అయితే ఇంకోసారి పాడతాను, దగ్గు రాకుండా" అని, మంచినీళ్లు త్రాగి, మరల పాడి, వ్రేలిముద్ర వేసిరి.

ఇప్పుడు ఆ గ్రంథాలయపు పట్టికలో "కాసిం కె." అను కర్త లేడు. ఊరు కశింకోట యనియు, భాష తెలుగనియు, మూడవ కీర్తన రాగము కాంభోజి యనియు, అందలి రెండు నిషాదములును సరియైనవే యనియు వ్రాసి, దానికి మామ్మగారి కంఠమును చేర్చిరి. మేము పంపినది అయిదు నిమిషముల పాటయు, ఒక పుట వివరణయు. బదులుగా వారు పదునాలుగు పుటలును ముద్రణకు తగినట్లు స్పష్టముగా తీయించి పంపిరి. అవి మన పాఠశాల గ్రంథాలయమున నున్నవి.

ఈ క్రిస్మసునకు ఆ కీర్తనను పాతవరుసలో పాడింపనున్నాము. నాడు మేము నిలువబెట్టి యేడిపించిన పిల్ల కూతురు ఇప్పుడు మన ఏడవ తరగతిలో నున్నది. ఆ తల్లిని పిలిపించి జరిగినదంతయు చెప్పి, క్షమింపుమని యడిగితిమి. ఆమెకు అది జ్ఞాపకమే లేదట. జ్ఞాపకము లేదని మర్యాదకు చెప్పినదేమో!

పదునొకండు కీర్తనలలో ఏడింటి వరుసలు మామ్మగారు గుర్తుపట్టిరి. తక్కిన నాలుగును ఆమె ఎన్నడును వినలేదట. వానికి గీతలమీది చుక్కలు మాత్రమే మిగిలినవి. ఎచ్చట ఊగవలెనో, ఎచ్చట నిలువవలెనో చెప్పువారు కావలెను. ఆ నాలుగు పుటల ప్రతులను పాఠశాల కార్యాలయము ఎదుటి ప్రకటనల పలకకు అంటించితిమి. తలిదండ్రులు తమ యిండ్లలోని పెద్దలకు వానిని చూపి, మొదటి పాదము మాటలు చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. ఎవరికైన తెలిసియున్నయెడల కబురు పంపిన చాలును. వారు రానక్కర లేదు. శనివారము మధ్యాహ్నములందు ఫోను పట్టుకొని మేమే వత్తుము, హార్మోనియము తేము.